ఖాళీ జెల్ చుట్టూ వలయం

ఎచ్చెర్ల దాటి హైవే మీద కొంత దూరం వెళ్ళాక మా ఫార్మసీ కాలేజీ వస్తుంది. నేను అక్కడ లైబ్రేరియన్‌ని. నా బల్ల వెనక గోడలో ఒక తలుపుంది. దాని అవతల మైక్రోబయాలజీ ల్యాబ్. ఆ తలుపు తాళం ఎప్పుడో పోయింది, మళ్ళీ ఎవరూ వేయించలేదు. పుస్తకాలకి చెదల మందు కొట్టించిన ప్రతిసారీ ల్యాబ్ అటెండర్ మరిడమ్మ ఆ తలుపు తోసుకుని వచ్చేది. వాసన అటు రాకుండా తలుపు కింద తడిగుడ్డ కుక్కి, "మీ మందుకి మా పురుగులు సచ్చిపోతాయి మేడమ్‌గారూ" అని చెప్పి వెళ్ళిపోయేది. మా స్నేహం అలా మొదలైంది. ఇక్కడ రాస్తున్నదాంట్లో కొంత ఆమె చెప్పింది, కొంత ఆ ల్యాబ్‌లో ప్రాజెక్టు చేసిన విద్యార్థిని సంహిత చెప్పింది, మిగతాది నేను గోడకి ఇవతల నుంచి చూసింది.

మరిడమ్మకి ఇప్పుడు యాభై మూడేళ్ళు. లావేరు వైపు ఒక పల్లెలో పుట్టింది. పల్లంలో వరి, మెట్ట మీద గోగు, వేరుశెనగ పండించే కుటుంబం. ఏడో తరగతి దాకా చదివింది. ఎనిమిదో తరగతికి పక్క ఊరు నడిచి వెళ్ళాలి. అది గోగునార తీసే కాలం, ఇంట్లో చేతులు చాలలేదు, చదువు అక్కడితో ఆగింది. తర్వాత మేనమామ కొడుకు కూర్మయ్యకిచ్చి చేశారు. ఇద్దరు కూతుళ్ళు పుట్టారు, పెరిగారు, పెళ్ళిళ్ళు చేసుకుని వెళ్ళారు.

మా కాలేజీ భవనం కట్టేటప్పుడు ఆమె కాంక్రీటు మోసింది. భవనం పూర్తయ్యాక తుడిచే పనికి ఉండిపోయింది. అప్పట్లో ల్యాబ్ టెక్నీషియన్ నారాయణమూర్తి గారు. ఒకరోజు ఆయన ఆటోక్లేవ్‌లో మీడియా పెట్టి గదిలో కూర్చున్నారు. ఆటోక్లేవ్ అంటే పెద్ద ప్రెషర్ కుక్కర్ లాంటిది. బ్యాక్టీరియాని పెంచడానికి వాడే ఆహారాన్ని, అంటే మీడియాని, అందులో మరిగించి శుభ్రం చేస్తారు. వరండా తుడుస్తున్న మరిడమ్మ తలుపు దగ్గర నిలబడి, లోపల పాకం ముదిరిన వాసన వస్తోందని చెప్పింది. ఆయన వెళ్ళి చూస్తే మీటర్ చెడిపోయి వేడి మించిపోయింది. మీడియాలో ఉన్న పంచదార మాడి ఎర్రగా అయిపోయింది. ఇంకో పది నిమిషాలాగితే ఏమయ్యేదో. ఆ మర్నాటి నుంచి ఆయన ఆమెని ల్యాబ్ లోపల పనికి అడిగి తీసుకున్నారు.

మొదట గాజుసామాను కడగడం నేర్చుకుంది. తర్వాత మీడియా తూచడం, మరిగించడం, అది గోరువెచ్చగా ఉండగానే గాజుపళ్ళాల్లో పోయడం. వాటిని ల్యాబ్‌లో ప్లేట్లంటారు. మీడియా అందులో జున్నులా గడ్డకడుతుంది, మందు వేసి చూడడానికి అందులో చిన్న కన్నాలు చేస్తారు. ఆమె పోసిన ప్లేటులో బుడగ ఉండదు, ఒక పక్క ఎత్తు ఒక పక్క పల్లం ఉండదు. సీసాల మీద ఇంగ్లీషు పేర్లు మొదట బొమ్మల్లా గుర్తుపెట్టుకుంది, తర్వాత అక్షరాలు కూడబలుక్కుంది. నారాయణమూర్తి గారు ఆమెకి ఒక అలవాటు నేర్పారు. మందు పరీక్ష పెట్టే ప్రతి ప్లేటులో మందు లేని కన్నం ఒకటి ఉండాలి. మందు కలపని వట్టి సరుకు అందులో వేసి చూడాలి. అది చూడకపోతే మందు పనిచేసిందో ఇంకేదైనా పనిచేసిందో తెలీదు అని ఆయన చెప్పారట. ఆయన రిటైరై నరసన్నపేట వెళ్ళిపోయాక ల్యాబ్‌లో ఆ మాట గుర్తున్నది మరిడమ్మకే.

మా ల్యాబ్‌లో ఎక్కువగా పెంచేది పళ్ళని పుచ్చబెట్టే బ్యాక్టీరియా. పేరు స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్. చండీగఢ్ నుంచి చిన్న గాజు గొట్టంలో పొడి రూపంలో వస్తుంది. దానికి ఆహారం పోసి లేపాలి. మరిడమ్మ నోట్లో ఆ పేరు 'మూటన్న' అయింది. మొదట నవ్విన విద్యార్థులు కూడా రెండేళ్ళలో మూటన్న అనే అనడం మొదలుపెట్టారు. అది మామూలు గాలిలో సరిగా పెరగదు. అందుకని ప్లేట్లని పెద్ద గాజు జాడీలో పేర్చి, పైన ఒక కొవ్వొత్తి వెలిగించి మూత బిగిస్తారు. కొవ్వొత్తి దానంతటదే ఆరిపోతుంది. లోపల మిగిలిన గాలి మూటన్నకి సరిపోతుంది. పంచదార ఉంటే అది జిగురు తయారుచేసుకుని పంటిని అంటిపెట్టుకుంటుందనీ, తిన్న పంచదారని ఆమ్లం చేసి పంటిని కరిగిస్తుందనీ మరిడమ్మకి ఏ పాఠంలోనూ ఎవరూ చెప్పలేదు. విద్యార్థులు ఒకరికొకరు చెప్పుకుంటుంటే విని తెలుసుకుంది.

సంహిత ఎం.ఫార్మసీకి మా కాలేజీలో చేరింది. విజయనగరం అమ్మాయి. వాళ్ళ నాన్న జానకిరామయ్య గారు ఇంట్లో పిల్లలకి సంగీతం నేర్పుతారు, గుళ్ళలో కచేరీలు చేసేవారు. నలభై ఐదేళ్ళకే ఆయన ముందుపళ్ళు నాలుగు పుచ్చి ఊడిపోయాయి. సాహిత్యంలో స, శ పలికేటప్పుడు గాలి పోయేది. కట్టుడు పళ్ళు అలవాటయ్యే దాకా మూడేళ్ళు ఆయన వేదిక ఎక్కలేదు. ఆ మూడేళ్ళూ ఇల్లు ఎలా ఉండేదో సంహిత నాకు ఒకసారి చెప్పింది. ప్రాజెక్టుకి పిప్పి పళ్ళ మీద పనిచేసే జెల్ ఎంచుకోవడానికి కారణం అదే.

ఆమె గైడ్ గురుప్రసాద్ గారు. మన ప్రాంతంలో దొరికే ఆకు ఏదైనా తీసుకోమని ఆయన సలహా ఇచ్చారు. ఇసుక నేలల్లో ఎక్కడ చూసినా జీడితోటలే కాబట్టి సంహిత జీడి ఆకు తీసుకుంది. ఆకు ఎండబెట్టి, పొడి కొట్టి, సారం తీసి, ఆ సారాన్ని జెల్‌లో కలిపింది. పంటికి రాసుకుంటే కాసేపు అంటుకుని ఉండి మూటన్నని చంపాలి, అదీ ఉద్దేశం. మొదటి జెల్ పచ్చి ఆకు వాసన కొట్టింది. వాసన చూసిన స్నేహితులంతా మొహం చిట్లించారు. అప్పుడు సంహిత కొంచెం లవంగ నూనె కలిపింది. నోట్‌బుక్కులో దాన్ని 'సువాసన కోసం' అని రాసుకుంది.

ఫలితం చాలా బాగా వచ్చింది. ప్లేటు నిండా మూటన్న తెల్లగా పొరలా పెరిగితే, జెల్ వేసిన కన్నం చుట్టూ మాత్రం ఏమీ పెరగకుండా స్వచ్ఛంగా ఒక వలయం ఏర్పడింది. వలయం ఎంత పెద్దదైతే మందు అంత బలమైనదని లెక్క. సంహిత జెల్ వలయం ఇరవై ఒక్క మిల్లీమీటర్లు. పోలికకి పెట్టిన క్లోర్‌హెక్సిడిన్ జెల్, డాక్టర్లు రాసేది, పద్దెనిమిదే వచ్చింది. మరిడమ్మ గుర్తుచేస్తే పెట్టిన ఖాళీ జెల్, అంటే ఆకు సారం లేనిది, దాని చుట్టూ ఏమీ రాలేదు. గురుప్రసాద్ గారు ఆ ప్లేటు పట్టుకుని మా లైబ్రరీ దాకా వచ్చి నాకు చూపించారు. ఒక పేపరు జిల్లా ఎడిషన్‌లో చిన్న వార్త వచ్చింది. ఫొటోలో సంహిత, గురుప్రసాద్ గారు, వెనక గోరంత మరిడమ్మ.

ఆ పేపరు ముక్క మరిడమ్మ ఊరికి తీసుకెళ్ళింది. కూర్మయ్య అందరికీ చదివి వినిపించాడు. నీళ్ళ ట్యాపు దగ్గరా, పొదుపు సంఘం మీటింగులోనూ ఆడవాళ్ళు అడిగారు. జీడి ఆకు పంటిపురుగుని చంపుతుందనీ, డాక్టరు మందుకన్నా ఎక్కువ చంపుతుందనీ, తన కళ్ళతో చూశాననీ మరిడమ్మ చెప్పింది. అది అబద్ధం కాదు. ఆమె చూసింది.

ఫిబ్రవరిలో విశాఖపట్నంలో ఒక సదస్సు ఉంది. అక్కడ చదవబోయే పత్రం కోసం అదే పరీక్ష మళ్ళీ మూడుసార్లు చేసి ఫొటోలు తియ్యమని గురుప్రసాద్ గారు చెప్పారు. సంహిత ఈసారి జెల్ సరుకు మొత్తం ఒకే పెద్ద బీకరులో తయారుచేసింది. చిక్కదనానికి వేసే పొడి, గ్లిజరిన్, లవంగ నూనె అన్నీ అందులోనే. సగం తీసుకుని ఆకు సారం కలిపింది. మిగతా సగం బీకరులో అలాగే ఉంది. దాన్ని కడగమని సింకులో పెట్టి, ప్లేట్లలో కన్నాలు నింపి బస్సుకి వెళ్ళిపోయింది. ఒక ప్లేటులో నాలుగు కన్నాలకి బదులు పొరపాటున ఐదు పడ్డాయి. ఐదోది వదిలెయ్యమంది.

మరిడమ్మకి కన్నం ఖాళీగా వదలడం ఇష్టం లేదు. బీకరు కడిగే ముందు అందులో మిగిలిన జెల్ కొంచెం తీసి ఆ ఐదో కన్నంలో వేసింది. ఆకు సారం లేని జెల్ అది. ప్లేటు అడుగున పెన్సిలుతో చిన్న సున్నా చుట్టింది. జాడీలో కొవ్వొత్తి వెలిగించి మూత బిగించింది.

మర్నాడు ఉదయం ఎనిమిదింటికి, విద్యార్థులు రాకముందే ఆమె జాడీ తెరిచింది. సంహిత జెల్ చుట్టూ వలయం ఉంది. డాక్టరు జెల్ చుట్టూ ఉంది. సున్నా చుట్టిన ఐదో కన్నం చుట్టూ కూడా ఉంది. స్కేలు పెట్టి కొలిస్తే పందొమ్మిది.

ముందు ఆమెకి భయం వేసిందట. తను వాడిన గరిటె సరిగా కడగలేదేమో, దానికి ఆకు సారం అంటుకుని ఉందేమో అనుకుంది. అలాగైతే తప్పు తనది. ఆ ప్లేటుని మిగతా వాటితో పాటు ఆటోక్లేవ్‌లో పడేస్తే ఎవరికీ తెలీదు. ఐదో కన్నం సంహిత లెక్కలోనే లేదు. మరిడమ్మ ప్లేటుకి టేపు చుట్టి ఫ్రిజ్‌లో కింద అరలో పెట్టింది. సంహిత వచ్చి మిగతా ప్లేట్ల ఫొటోలు తీసుకుంది, సంతోషంగా ఉంది.

ఆ వారంలోనే మరిడమ్మ కొత్త గరిటె, కొత్త గాజు గిన్నె తీసుకుని, ఆకు సారం లేని జెల్ మళ్ళీ కలిపి సొంతంగా ఇంకో ప్లేటు పెట్టింది. మళ్ళీ వలయం వచ్చింది. మధ్యాహ్నం భోజనాల వేళ నరసన్నపేటకి ఫోన్ చేసి నారాయణమూర్తి గారిని అడిగింది. పాత పరీక్షల్లో ఖాళీ జెల్‌కి వలయం రాలేదని ఆమె చెబితే, ఆ జెల్ అప్పుడెలా చేశారో చూడమని ఆయన చెప్పారు. మరిడమ్మ గుర్తు చేసుకుంది. అప్పటి ఖాళీ జెల్ మొదట్లో చేసి పెట్టుకున్నది, లవంగ నూనె కలపకముందు చేసింది. ఆ సంగతి విని ఆయన, జెల్‌లో పడే సరుకులన్నీ విడివిడిగా ఒక్కో కన్నంలో వేసి చూడమన్నారు. ఆమె అలాగే ఒక ప్లేటు సిద్ధం చేసి జాడీలో పెట్టింది. అది శుక్రవారం.

శనివారం ఆమె కాలేజీకి రాలేదు. పక్కింటి జగ్గమ్మకి ఎడమ బుగ్గ వాచి కన్ను మూసుకుపోయింది. జగ్గమ్మ ఆమెకి వరసకి ఆడపడుచు. దవడ పన్ను పుచ్చి చాలా కాలమైంది, సలుపు వస్తూ పోతూ ఉంది. అంతకు రెండు వారాల ముందు కొడుకు శ్రీకాకుళం తీసుకెళ్తానంటే వద్దంది. జీడి లేతాకులు నూరి ఆ ముద్ద పుచ్చు కన్నంలో పెట్టుకుంటోంది. ఆ పసరుకి పంటి చిగురు, బుగ్గ లోపలి చర్మం పొక్కిపోయాయి. పన్ను కింద చీము మాత్రం తన పని తాను చేసుకుంటూ పోయింది. మరిడమ్మ వెళ్ళి చూసి, ఇదేమిటి ఆకు ఎందుకు పెట్టావని అడిగితే జగ్గమ్మ నోరు సరిగా తెరవలేకనే జవాబు చెప్పింది.

"నువ్వే సెప్పినావు గదే వొదినా. నీ కళ్ళతో సూసినానన్నావు."

మరిడమ్మ ఆటో మాట్లాడి ఆమెని శ్రీకాకుళం తీసుకెళ్ళింది. పళ్ళ డాక్టరు దుర్గాభవాని గారు చీము తీసి, మందులు రాసి, వాపు తగ్గాక పన్ను తీసెయ్యాలన్నారు. ఇంకో రెండు రోజులు ఆలస్యమైతే ఇన్ఫెక్షన్ గొంతులోకి దిగేదని కూడా చెప్పారు. జీడి ఆకు సంగతి ఎవరు చెప్పారని డాక్టరు అడిగారు. జగ్గమ్మ మాట్లాడే స్థితిలో లేదు. మరిడమ్మ తానే చెప్పానని ఒప్పుకుంది. డాక్టరు కోప్పడలేదు. ల్యాబ్‌లో ప్లేటు మీద చచ్చేది నోట్లో అలాగే చస్తుందని అనుకోకూడదనీ, పన్ను లోపలికి పుచ్చిపోయాక పైన రాసే ఏ జెల్ అయినా పనికిరాదనీ చెప్పి పంపించారు.

సోమవారం ఉదయం మరిడమ్మ జాడీ తెరిచింది. గ్లిజరిన్ చుట్టూ ఏమీ లేదు. చిక్కదనానికి వేసే పొడి చుట్టూ ఏమీ లేదు. ఆకు సారం చుట్టూ సన్నని వలయం, పదకొండు మిల్లీమీటర్లు. అందులో ఎనిమిది ఆ కన్నం వెడల్పే. లవంగ నూనె చుట్టూ ఇరవై.

తొమ్మిదింటికి సంహిత వచ్చింది. అప్పుడు నేను తలుపుకి ఇవతల పత్రికలు సర్దుతున్నాను, వాళ్ళ మాటలు వినిపించాయి. మరిడమ్మ ఫ్రిజ్‌లోంచి పాత రెండు ప్లేట్లు తీసి, ఈ మూడోదానితో కలిపి బల్ల మీద వరసగా పెట్టింది.

"సంహితమ్మా, ఒకపాలి ఇవి సూడు. సున్నా సుట్టినకాడ ఆకు నేదు. వట్టి జెల్ ఏసినాను."

సంహిత ప్లేట్లు వెలుతురుకి ఎత్తి చూస్తున్నట్టుంది, గాజు బల్లకి తగిలిన చప్పుడు రెండుసార్లు వినిపించింది.

"ఇవి ఎప్పుడు పెట్టారు ఆంటీ?"

"మొదటిది పదిరోజులైంది. నా సేతిది తప్పేమో అనుకుని మళ్ళీ పెట్టినాను. మూడోదాన్లో దేనికదే ఇడిగా ఏసినాను. సంపుతున్నది లవంగ నూనమ్మా. ఆకు కాదు."

"పదిరోజులు నాకు చెప్పలేదు."

"అవును. సెప్పనేదు."

"అసలు ఆ కన్నంలో ఎందుకు వేశారు? వదిలెయ్యమన్నాను కదా."

మరిడమ్మ జగ్గమ్మ సంగతి చెప్పింది. వాచిన బుగ్గ, డాక్టరు మాట, ఊళ్ళో తాను చెప్పిన మాట, అన్నీ వరసగా, గొంతు పెంచకుండా చెప్పింది. సంహిత బయటికి వెళ్ళిపోయింది. ఆ రోజు ల్యాబ్‌కి తిరిగి రాలేదు. హాస్టల్లో పడుకుని ఏడ్చానని తర్వాత చెప్పింది. ఆకు పనిచెయ్యలేదని కాదట. నోట్‌బుక్కులో తన చేత్తోనే 'సువాసన కోసం' అని రాసుకున్న మాట మళ్ళీ మళ్ళీ కనిపించిందట. లవంగం పంటినొప్పికి పెడతారని చిన్నపిల్లలకి కూడా తెలుసు. తన వీధిలో ఏ ముసలమ్మనడిగినా చెప్పేది.

మర్నాడు ఆమె మరిడమ్మ దగ్గరికి వచ్చి పన్నెండు ప్లేట్లు పొయ్యమంది. ఈసారి అన్ని కన్నాలూ తన చేత్తోనే నింపింది. ఏ కన్నంలో ఏముందో తనకే తెలియకుండా ఉండాలని మరిడమ్మ చేత సీసాలకి అంకెలు వేయించింది. మూడు రోజుల తర్వాత అంకెలు విప్పి చూస్తే మరిడమ్మ ప్లేటులో వచ్చినవే వచ్చాయి, ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడాతో.

గురుప్రసాద్ గారికి చెప్పడం కష్టమైంది. ఆయన మొదట నమ్మలేదు. అటెండర్ పెట్టిన ప్లేట్లని ఎవరైనా లెక్కలోకి తీసుకుంటారా అన్నారు. ఇవి తాను పెట్టిన ప్లేట్లని సంహిత చెప్పింది. సదస్సుకి ఇంకా పదకొండు రోజులుంది. పత్రం ఆమోదించారు, పేరు కార్యక్రమంలో అచ్చయింది. లవంగ నూనె సంగతి సదస్సులో ప్రస్తావించకుండా, తర్వాత ప్రాజెక్టు రిపోర్టులో చేర్చుదామని ఆయన అన్నారు. మరిడమ్మ తలుపు దగ్గర నిలబడి ఉంది. ఆమెని పిలవలేదు, కానీ వెళ్ళిపొమ్మనీ అనలేదు.

"సార్, మా ఊళ్ళో ఒకామె ఈ మాట నమ్మి పన్ను పోగొట్టుకున్నాది. పానం పోవలసింది. ఆ పేపరు మా ఊరోళ్ళే సదివినారా?"

ఆయన సంహితని రేపు రమ్మన్నారు. మర్నాడు వెళ్ళేసరికి సదస్సు వాళ్ళకి పత్రం వెనక్కి తీసుకుంటున్నట్టు మెయిల్ రాసి ఉంచారు. పంపే ముందు ఆమె చేత ఒకసారి చదివించారు. తర్వాత నెలరోజుల పాటు ఆయన మరిడమ్మతో పని మాట తప్ప ఇంకో మాట మాట్లాడలేదు. ఆమె కూడా పట్టించుకున్నట్టు కనిపించలేదు. ప్లేట్లు పోసేది, జాడీలు సర్దేది, నాలుగున్నర బస్సుకి వెళ్ళిపోయేది. పేపరు వాళ్ళకి సవరణ కోసం ఆయన ఉత్తరం రాశారు. అది అచ్చవలేదు.

సంహిత ప్రాజెక్టు శీర్షిక మార్చుకుంది. జీడి ఆకు సారం, లవంగ నూనె, రెండూ విడివిడిగా ఎంత, కలిపితే ఎంత అన్నదే కొత్త పని. కలిపితే లవంగం ఒక్కదానికన్నా కొంచెం మాత్రమే ఎక్కువ వచ్చింది. జూన్‌లో వైవా జరిగింది. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు పెద్దాయన, నెమ్మదిగా మాట్లాడతారు. మొదటి ఫలితానికీ రెండోదానికీ ఇంత తేడా ఎందుకని అడిగారు. సంహిత జరిగింది జరిగినట్టు చెప్పింది. సరుకులు విడదీసి చూడాలన్న ఆలోచన ఎవరిదని అడిగితే మరిడమ్మ పేరు చెప్పింది. ఆయన ఆ పేరు కాగితం మీద రాసుకుని, ఆకు సారం నోట్లో కణాలకి హాని చేస్తుందా లేదా అన్నది ఎవరు చూశారని అడిగారు. ఎవరూ చూడలేదు. దానికి మార్కులు తగ్గాయి. అయినా ఫస్ట్ క్లాసు వచ్చింది. ఇప్పుడు పైడిభీమవరంలో ఒక మందుల కంపెనీలో క్వాలిటీ విభాగంలో పనిచేస్తోంది. ఆదివారాలు విజయనగరం వెళ్తుంది.

మరిడమ్మ ఊళ్ళో చేసిన పని గురించి నాకు కూర్మయ్య చెప్పాడు, ఏదో కాగితం కోసం కాలేజీకి వచ్చినప్పుడు. జగ్గమ్మ పన్ను తీయించిన వారం ఆమె సాయంత్రాలు ఇల్లిల్లూ తిరిగిందట. ట్యాపు దగ్గర ఎవరెవరికి చెప్పిందో, సంఘంలో ఎవరెవరు విన్నారో గుర్తు చేసుకుని ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి, తాను చెప్పింది తప్పు, జీడి ఆకు పెట్టుకోవద్దు అని చెప్పింది. ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఒకామె, పేపర్లో వేశారు కదా, నువ్వు కాదంటే ఎలా అని వాదించింది. ఇంకొకామె, అయితే లవంగ నూనె పెట్టుకోవచ్చా అని అడిగింది. నొప్పి కాసేపు తగ్గుతుంది కానీ పుచ్చు పోదు, ఎక్కువ పెడితే అదీ కాలుస్తుంది, డాక్టరు దగ్గరికి వెళ్ళమని చెప్పింది. చివరికి జగ్గమ్మ ఇంటికెళ్ళింది. జగ్గమ్మ బుగ్గ అప్పటికి తగ్గింది, గంజి తాగుతోంది.

"మా జగ్గమ్మ ఏటందో తెలుసా మేడమ్‌గారూ," అని మరిడమ్మే తర్వాత నాకు చెప్పింది. "నువ్వు సెప్పకపోయినా నాను ఆసుపత్రికెళ్ళీదాన్ని కాదే, సూదంటే నాకు బయం అంది. నా మనసు కష్టపెట్టకూడదని అలగ అన్నాదో, నిజివేనో తెల్దు."

జులైలో మరిడమ్మ గురుప్రసాద్ గారి గదికి వెళ్ళి ఊళ్ళో పళ్ళ క్యాంపు పెట్టించమని అడిగింది. అప్పటికి ఆయన మళ్ళీ ఆమెతో మామూలుగా మాట్లాడుతున్నారు. దుర్గాభవాని గారికి ఆయనే ఫోన్ చేశారు. ఆదివారం ఊరి బడిలో రెండు బల్లలు వేశారు. నేను పేర్లు రాసుకోవడానికి వెళ్ళాను. నలభై ఆరుగురు వచ్చారు. ఎక్కువ మంది పిల్లలే. పడుకునే ముందు తియ్యటి పాలు తాగి అలాగే నిద్రపోయే పిల్లల ముందుపళ్ళు వరసగా నల్లబడి ఉన్నాయి. మూటన్న గురించి తల్లులకి మరిడమ్మ తన మాటల్లో చెప్పింది. పంచదార దొరికితే అది పంటి మీద ఇల్లు కట్టుకుంటుందని, పడుకునే ముందు తోముకుంటే రాత్రంతా దానికి తిండి దొరకదని.

అందరినీ చూడడం అయ్యాక మధ్యాహ్నం రెండయింది. డాక్టరు చేతులు కడుక్కోబోతూ, మీరు చూపించుకోరా అని మరిడమ్మని అడిగారు. ఆమె తనకేమీ లేదంది. పదిహేడేళ్ళుగా పిప్పి పళ్ళ బ్యాక్టీరియాని పెంచుతున్న మనిషి ఎప్పుడూ ఏ డాక్టరు ముందూ నోరు తెరవలేదని అప్పుడే తెలిసింది. నేను చెయ్యి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టాను. డాక్టరు టార్చి వేసి చూశారు. కుడివైపు కింద రెండు దవడ పళ్ళు పుచ్చాయి, ఇంకా లోతుకి పోలేదు, నింపితే నిలబడతాయి అన్నారు.

"ఎంతసేపు పడతాదమ్మా?" అని అడిగింది మరిడమ్మ.

రెండూ కలిపి గంట అని డాక్టరు చెప్పారు. ఆ శుక్రవారం ఆమె మధ్యాహ్నం సెలవు చీటీ పెట్టి శ్రీకాకుళం వెళ్ళింది. రెండు పళ్ళూ నింపించుకుని, శనివారం యథాప్రకారం ఎనిమిదింటికి వచ్చి మొదటి ఏడాది విద్యార్థుల కోసం ముప్పై ప్లేట్లు పోసింది.